జర్నల్ రిఫరెన్సుల్లో తేదీ ఎలా రాయాలి? నెల్లూరు, ఒంగోలు స్కాలర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కాకుటూరు యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసేవాళ్లు, ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ పిల్లలు, ఒంగోలు, నెల్లూరు మెడికల్ కాలేజీల్లో పీజీ థీసిస్ రాసేవాళ్లు, అందరూ సబ్మిషన్ దగ్గర పడ్డాక అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. పేపర్ పేరు, రచయిత పేరు ఎవరైనా సరిగ్గానే ఎక్కిస్తారు, తేదీ దగ్గరే బండి ఆగుతుంది. అందుకని తేదీల సంగతి ఒక్కటే ఇక్కడ రాస్తున్నా. నమూనాలన్నీ తెలుగు అక్షరాల్లో చూపించాను, మీ థీసిస్ ఇంగ్లీషులో అయితే ఇంగ్లీషులో రాసుకోండి గానీ కామాలు, చుక్కలు, బ్రాకెట్లు మాత్రం ఇక్కడ ఉన్నట్టే ఉంచండి.

తేదీకి ఇంత రాద్ధాంతం ఎందుకన్నా? డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ నంబరు) ఉంది కదా, అది నొక్కితే పేపర్ వస్తుంది కదా?

వస్తుంది, కాదనను. కానీ మీ థీసిస్ చదివే ఎగ్జామినర్ ప్రింటు కాపీ పట్టుకుని కూర్చుంటాడు, కాగితం మీద డీఓఐ నొక్కలేడు. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్లది), హార్వర్డ్ లాంటి రిఫరెన్సు పద్ధతుల్లో వాక్యం చివర బ్రాకెట్లో రాసే పేరు, సంవత్సరం, ఈ రెండిటి ఆధారంతోనే చివరి జాబితాలో ఆ పేపర్ని వెతుక్కోవాలి. లోపల 2018 అని రాసి జాబితాలో 2019 అని పెడితే అవి రెండు వేరే పేపర్లా, ఒకటేనా, ఒకటి జాబితాలోకి ఎక్కలేదా అనేది ఆయనకు తెలీదు. ఎర్రపెన్నుతో చుట్టేస్తాడు. వైవాలో ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే, ఎందుకంటే సబ్జెక్టు లోతుగా చదవని వాళ్లు కూడా ఈ తప్పు పట్టగలరు.

ఒకే పేపర్ మీద నాలుగైదు తేదీలు ఉన్నాయి. ఏది తీసుకోవాలి?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది, కొంచెం నింపాదిగా చదవండి.

పేపర్ మొదటి పేజీలో గానీ వెబ్‌సైటులో గానీ మామూలుగా కనపడే తేదీలు ఇవి: జర్నల్ వాళ్లకు అందిన తేదీ, రచయితలు సవరించి పంపిన తేదీ, ఒప్పుకున్న తేదీ, ఆన్‌లైన్లో పెట్టిన తేదీ, చివరగా సంచిక తేదీ. మొదటి మూడూ రచయితకీ సంపాదకుడికీ మధ్య జరిగిన ఉత్తరప్రత్యుత్తరాల తేదీలు, వాటిని రిఫరెన్సులో ఎక్కడా వాడరు. చాలామంది పేపర్ తెరవగానే పైన కనపడింది కదా అని అందిన తేదీలోని సంవత్సరమే ఎక్కిస్తున్నారు. అది తప్పు. అందినప్పటికీ అచ్చయినప్పటికీ మధ్య ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తేడా ఉంటుంది.

మిగిలినవి రెండు, ఆన్‌లైన్ తేదీ, సంచిక తేదీ. పేపర్‌కి వాల్యూమ్ నంబరు వచ్చేసి ఉంటే ఆ వాల్యూమ్ ఏ సంవత్సరానిదో అదే మీ సంవత్సరం. ఏపీఏ ఏడో ముద్రణ ఈ మాట సూటిగానే చెబుతుంది: కాపీరైటు గుర్తు పక్కన వేరే సంవత్సరం ఉన్నా సరే, వాల్యూమ్ ప్రచురణ సంవత్సరమే రాయాలి. స్ప్రింగర్ పేజీల్లో అయితే పేపర్ కింద ప్రచురణ తేదీ, సంచిక తేదీ విడివిడిగా ఇస్తారు కాబట్టి పని సులువు. మిగతా చోట్ల పీడీఎఫ్ మొదటి పేజీ పైనో కిందో జర్నల్ పేరు, వాల్యూమ్, బ్రాకెట్లో సంవత్సరం ఉండే లైను చూడండి.

రొయ్యల మీద ఒక పేపర్ 2020 సెప్టెంబర్లో ఆన్‌లైన్లో వచ్చింది, కానీ వాల్యూమ్ మీద 2021 జనవరి అని ఉంది. గూగుల్ స్కాలర్ 2020 అంటోంది. ఎవర్ని నమ్మాలి?

పీడీఎఫ్ మీదున్న వాల్యూమ్‌ని నమ్మండి. 2021.

పెద్ద ప్రచురణ సంస్థల జర్నళ్లలో ఇది రోజూ జరిగేదే. పేపర్ ఒప్పుకోగానే ఆన్‌లైన్లో పెట్టేస్తారు, తర్వాత నెలలకి ఒక వాల్యూమ్‌లో చేరుస్తారు. పేపర్ ఆన్‌లైన్లోనే ఉన్నప్పుడు ఎవరైనా 2020 అని రాసి ఉంటే ఆ రోజుకి వాళ్లు రాసింది కరెక్టే, మీరు ఇప్పుడు 2021 అని రాయడమూ కరెక్టే. ఇంకొకరి థీసిస్ నుంచి రిఫరెన్సు ఎత్తుకుంటే వచ్చే చిక్కు ఇదే, వాళ్లు ఎప్పుడు చూశారో ఏ రూపం చూశారో మీకు తెలీదు. పేపర్ తెరిచి మీ కళ్లతో చూసుకోండి.

ఇంకా వాల్యూమ్ నంబరే ఇవ్వలేదు, ఆన్‌లైన్లో మాత్రమే ఉంది. అప్పుడు?

అప్పుడు ఆన్‌లైన్లో వచ్చిన సంవత్సరమే. ఏపీఏలో వాల్యూమ్, సంచిక, పేజీలు ఉండాల్సిన చోట ‘అడ్వాన్స్ ఆన్‌లైన్ పబ్లికేషన్’ అని రాసి తర్వాత డీఓఐ పెడతారు. ఇంజనీరింగ్ వాళ్లు వాడే ఐఈఈఈ పద్ధతిలో ‘ఎర్లీ యాక్సెస్’ అని రాసి నెల, తేదీ, సంవత్సరం, డీఓఐ ఇస్తారు. వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైటులో ఇలాంటివాటికి ‘ఆన్‌లైన్ అహెడ్ ఆఫ్ ప్రింట్’ అని కనపడుతుంది.

ఒప్పుకున్నారు గానీ ఎక్కడా బయటికి రాలేదనుకోండి, అప్పుడు సంవత్సరం చోట ‘ఇన్ ప్రెస్’ అని రాస్తారు. ఇక్కడ చాలామంది ‘2025, ఇన్ ప్రెస్’ అని రెండూ కలిపేస్తున్నారు. బయటికి రాని దానికి సంవత్సరం ఎక్కడిది? ఒక్కటే రాయండి. ఇంకో మాట, థీసిస్ సబ్మిట్ చేసే ముందు ఇలాంటివన్నీ మళ్లీ ఒకసారి వెతకండి, ఈలోపు వాల్యూమ్ వచ్చేసి ఉంటుంది.

ఏపీఏలో నెల ఎందుకు రాయకూడదు? పేపర్ మీద మార్చి అని ఉంది కదా.

జర్నల్‌కి వాల్యూమ్, సంచిక నంబర్లు ఉన్నాయి కాబట్టి నెల అక్కర్లేదు. నమూనా ఇలా ఉంటుంది:

రచయిత పేరు. (2021). పేపర్ పేరు. జర్నల్ పేరు, 45(3), 123–139.

బ్రాకెట్ తర్వాత చుక్క మర్చిపోవద్దు. అదే వార్తాపత్రిక, మేగజైన్ అయితే నెల, తేదీ కావాలి, ఎందుకంటే వాటిని మనం తేదీతోనే వెతుకుతాం. కరెంట్ సైన్స్ నెలకు రెండుసార్లు, పదో తేదీన, ఇరవై అయిదో తేదీన వస్తుంది, అయినా అది జర్నల్ కాబట్టి ఏపీఏలో సంవత్సరం ఒక్కటే.

మాది ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్, ఎంఎల్ఏ పద్ధతి వాడమన్నారు. హిస్టరీ వాళ్లకి చికాగో అట. తేడా ఏంటి?

ఎంఎల్ఏలో సంవత్సరం వెనక్కి పోతుంది. వాల్యూమ్, నంబరు అయ్యాక తేదీ, ఆ తర్వాత పేజీలు. నెల ఉంటే నెల కూడా రాస్తారు, మే, జూన్, జులై తప్ప మిగతావన్నీ కుదించి చుక్క పెడతారు. సెప్టెంబర్‌కి మాత్రం నాలుగు అక్షరాలు ఉంచుతారు. రోజు కూడా ఉంటే రోజు ముందు, నెల తర్వాత, సంవత్సరం చివర, అంటే మనం మామూలుగా రాసుకునే వరుసే. ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ లాంటి వారపత్రికకి ఈ రోజు, నెల బాగా పనికొస్తాయి. వాక్యం మధ్యలో ఎంఎల్ఏకి సంవత్సరం అసలు అక్కర్లేదు, పేరూ పేజీ నంబరూ చాలు.

చికాగోలో రెండు దారులున్నాయి. ఫుట్‌నోట్ల దారిలో జర్నల్ పేరు, వాల్యూమ్, నంబరు తర్వాత బ్రాకెట్లో సంవత్సరం, తర్వాత కోలన్, పేజీ. రెండో దారిలో ఏపీఏ లాగే రచయిత పక్కనే సంవత్సరం, కానీ బ్రాకెట్ లేకుండా. మీ గైడ్ చికాగో అని మాత్రమే చెప్తే ఏ దారో అడిగి తెలుసుకోండి, సగం థీసిస్ అయ్యాక తెలిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

వాంకూవర్ పద్ధతిలో తేదీ, సెమీకోలన్, కోలన్ అన్నీ అతుక్కుపోయి ఉంటాయి. ఎక్కడ ఖాళీ వదలాలి?

మెడికల్ పీజీలు అందరూ అడిగేది ఇది. నమూనా చూడండి:

జర్నల్ పేరు. 2019 మార్ 12;45(3):123-9.

ముందు సంవత్సరం, ఖాళీ, నెల మొదటి మూడు అక్షరాలు చుక్క లేకుండా, ఖాళీ, రోజు. అక్కడి నుంచి సెమీకోలన్, వాల్యూమ్, బ్రాకెట్లో సంచిక, కోలన్, పేజీలు, వీటి మధ్య ఎక్కడా ఖాళీ లేదు. 123 నుంచి 129 అయితే 123-9 అని చివరి అంకె మాత్రమే రాయడం కూడా ఈ పద్ధతిలో ఉన్నదే. జర్నల్ పేజీ నంబర్లు ఏడాది పొడవునా వరుసగా సాగితే నెలా, సంచికా వదిలేయొచ్చు, అప్పుడు 2019;45:123-9 అవుతుంది. ఏదో ఒకటి ఎంచుకుని జాబితా మొత్తం అలాగే ఉంచండి. కొన్నింటికి నెల ఉండి కొన్నింటికి లేకపోతే నాలుగు చోట్ల నుంచి కాపీ కొట్టారని చూడగానే తెలిసిపోతుంది.

పబ్‌మెడ్ నుంచి కాపీ చేస్తే చివర ‘ఈపబ్ 2018 డిసెంబర్ 4’ లాంటి ముక్క కూడా వస్తుంది. అది ఆన్‌లైన్లో ముందుగా వచ్చిన తేదీ. దాన్ని ఉంచినా తీసేసినా పరవాలేదు గానీ ముందున్న 2019ని మాత్రం మార్చొద్దు.

ఐఈఈఈలో?

తేదీ పేజీల తర్వాత వస్తుంది: వాల్యూమ్ 45, నంబరు 3, పేజీలు 123–139, మార్చి 2019, తర్వాత డీఓఐ. రెండు నెలలకోసారి వచ్చే జర్నల్ అయితే రెండు నెలల మధ్య ఏటవాలు గీత, జులై/ఆగస్టు 2019 అన్నట్టు.

మా యూనివర్సిటీ హార్వర్డ్ పద్ధతి అంటోంది, ఒక్కో సైటులో ఒక్కోలా ఉంది.

అవును, హార్వర్డ్ అనేది ఒకే పుస్తకంలో రాసిపెట్టిన పద్ధతి కాదు. రచయిత, సంవత్సరం అనే కుటుంబం పేరు అది. సంవత్సరం బ్రాకెట్లో ఉంటుందా లేదా, తర్వాత చుక్క ఉంటుందా కామా ఉంటుందా అన్నవి చోటుని బట్టి మారతాయి. మీ డిపార్ట్‌మెంట్‌లో ఈ మధ్య ఆమోదం పొందిన థీసిస్ ఒకటి తీసుకుని అందులో ఉన్నట్టు చేయండి. నెట్‌లో వాదనలు చదివి టైం పోగొట్టుకోవద్దు.

ఒక పేపర్ వివరాల్లో 04/05/2018 అని ఉంది. ఏప్రిలా, మేనా?

సైటు అమెరికాది అయితే ఏప్రిల్ 5, మన దేశానిదో ఇంగ్లండ్‌దో అయితే మే 4. అంకెలు చూసి తేల్చలేం. మొదటి రెండిట్లో ఒకటి పన్నెండు దాటితేనే అది రోజని ఖాయంగా చెప్పగలం. పీడీఎఫ్ తెరిస్తే ఎక్కడో ఒకచోట నెల పేరు అక్షరాల్లో ఉంటుంది, దాన్ని పట్టుకోండి. మీరు మీ నోట్సులో రాసుకునేటప్పుడు మాత్రం సంవత్సరం, నెల, రోజు వరుసలో, 2018-05-04 అని రాసుకోండి. ఐఎస్ఓ 8601 అనే ప్రమాణం చెప్పేదీ ఈ వరుసే. ఫైళ్లకి కూడా ఇలా పేర్లు పెడితే కంప్యూటర్లో వాటంతటవే కాలక్రమంలో వస్తాయి. రిఫరెన్సు జాబితాలో మాత్రం ఈ రూపం వాడొద్దు, పైన చెప్పిన ఏ పద్ధతీ దాన్ని అడగదు.

ఎక్సెల్‌లో రిఫరెన్సులు పెట్టుకున్నా. సంచిక నంబరు 3-4 అని కొడితే తేదీ అయిపోతోంది!

ఎక్సెల్ పుట్టుబుద్ధి అది. 3-4 అంటే దానికి ఏప్రిల్ మూడో తేదీనో మార్చి నాలుగో తేదీనో. ముందు ఆ కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్‌గా మార్చి ఆ తర్వాత కొట్టండి. ఇప్పటికే మారిపోయి ఉంటే ఫార్మాట్ తిప్పినా పాత 3-4 తిరిగిరాదు, ఏదో పెద్ద అంకె కనపడుతుంది, కాబట్టి పీడీఎఫ్ చూసి మళ్లీ కొట్టుకోవాల్సిందే. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు, ఎక్సెల్ ఇలా తేదీలుగా మారుస్తోందని మార్చ్1, సెప్ట్1 అనే మానవ జన్యువుల పేర్లనే 2020లో మార్చ్ఎఫ్1, సెప్టిన్1 అని మార్చేశారు. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు, సైన్సు మారింది.

రిఫరెన్సులు దాచిపెట్టే జోటెరో సాఫ్ట్‌వేర్ వాడితే ఈ గోలంతా ఉండదంటారు, నిజమేనా?

సగం నిజం. పద్ధతి మార్చడం జోటెరో పని, అది బాగానే చేస్తుంది. కానీ లోపల తేదీ తప్పుగా ఉంటే అన్ని పద్ధతుల్లోనూ అందంగా తప్పే అచ్చువేస్తుంది. డీఓఐతో దించుకున్నప్పుడు వివరాలు డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ నుంచి వస్తాయి. అక్కడ ప్రచురణకర్తలు ఇచ్చిన ఆన్‌లైన్ తేదీ, ప్రింటు తేదీ విడివిడిగా ఉంటాయి, ‘ఇష్యూడ్’ అనే తేదీ ఆ రెండిట్లో ముందుది. అంటే మన రొయ్యల పేపర్‌కి జోటెరోలో 2020 రావొచ్చు, వస్తే చేత్తో 2021 అని దిద్దాలి.

తేదీ గడిలో ఏదైనా కొడితే పక్కనే సంవత్సరం, నెల, రోజు అని సూచించే చిన్న ఇంగ్లీషు అక్షరాలు కనపడతాయి, జోటెరో దాన్ని ఏ వరుసలో అర్థం చేసుకుందో అవే చెబుతాయి, ఒకసారి చూడండి. ఏపీఏలో జర్నల్ పేపర్‌కి నెల కూడా వస్తోందంటే చాలావరకు మీరు దాన్ని మేగజైన్ వ్యాసంగా దించుకున్నారని అర్థం. రకం మారిస్తే నెల పోతుంది. లేటెక్ వాడేవాళ్లకి ఒక్క మాట: బిబ్‌టెక్‌లో నెలని మూడక్షరాల సంకేతంగా, చుట్టూ బ్రాకెట్లూ కోట్సూ లేకుండా రాయండి, అప్పుడే పద్ధతిని బట్టి కుదించుకుంటుంది.

ఒకే రచయిత ఒకే ఏడాది రెండు పేపర్లు రాశాడు.

2019ఎ, 2019బి. అయితే ఏది ఎ, ఏది బి అనేది మీరు థీసిస్‌లో ముందు ఏది వాడారన్నదాన్ని బట్టి కాదు, ఏది ముందు అచ్చయిందన్నదాన్ని బట్టీ కాదు. ఏపీఏలోనూ చికాగోలోనూ పేపర్ పేరు అక్షరక్రమంలో ముందొచ్చేది ఎ. ఈ అక్షరాలు లోపలా, జాబితాలోనూ రెండు చోట్లా ఉండాలి. చివరి నిమిషంలో మూడో పేపర్ చేరిస్తే మొత్తం వరుస మారుతుందని మర్చిపోకండి.

ఒకే బ్రాకెట్లో నాలుగు పేపర్లు పెడితే పాతది ముందా, కొత్తది ముందా?

ఏపీఏలో రెండూ కాదు, రచయిత పేరు అక్షరక్రమమే. 2020 పేపర్ ముందొచ్చి 2015 పేపర్ తర్వాత వచ్చినా తప్పు లేదు. ఒకే రచయితవి రెండు మూడు ఉంటే మాత్రం పాతది ముందు. తేదీ లేనిది అన్నిటికంటే ముందు, ఇన్ ప్రెస్ ఉన్నది అన్నిటికంటే చివర. కాలక్రమంలోనే పెట్టమని పట్టుబట్టే గైడ్లు ఉన్నారు. వాళ్లతో ఏపీఏ పుస్తకం పట్టుకుని పోట్లాడటం కంటే వాళ్లు చెప్పినట్టు పెట్టి సంతకం తీసుకోవడం మేలు, నా మటుకు నేను అదే చెబుతాను.

చిన్న జర్నల్ ఒకటి ఉంది, ‘జనవరి–జూన్ 2019’ సంచిక నిజానికి 2020లో వచ్చింది. ఏది రాయాలి?

అట్ట మీద ఉన్నది. 2019. లైబ్రరీలో ఆ సంచికని వెతికేవాడు అట్ట చూసే వెతుకుతాడు, అది పోస్టులో ఎప్పుడు వచ్చిందో వాడికి అక్కర్లేదు. అట్ట మీదే 2018–2019 అని రెండు ఏళ్లు కలిపి ఉంటే రెండూ అలాగే రాయండి, మీరు ఒకటి ఎంచుకోవద్దు. పేపర్లో వాడిన డేటా అసలు సంచిక తేదీ కంటే తర్వాతిది అయితే మాత్రం, అలాంటివి నేను చూశాను, ఆ జర్నల్‌ని నమ్మొచ్చా అని ఆలోచించుకోండి.

తెలుగు ఎం.ఏ., పీహెచ్‌డీ వాళ్లం. ‘భారతి’ పాత సంచికల్లో తెలుగు సంవత్సరాలు, మాసాలు ఉంటాయి. ఇంగ్లీషు సంవత్సరంలోకి ఎలా మార్చాలి?

1924లో మొదలైన భారతి లాంటి పత్రికల్లో తెలుగు సంవత్సరం పక్కనే ఇంగ్లీషు నెల కూడా చాలాసార్లు ఉంటుంది, ముందు అది వెతకండి. స్కాన్లో అట్ట పోయిందనుకోండి, అప్పుడే లెక్క.

అరవై సంవత్సరాల చక్రంలో మొదటిది ప్రభవ. అది 1867లో, 1927లో, 1987లో వచ్చింది. అక్కడి నుంచి వెనక్కీ ముందుకీ లెక్కపెట్టుకోండి. రుధిరోద్గారి యాభై ఏడోది కాబట్టి 1923లో మొదలైంది. ఇక్కడే చాలామంది జారిపడేది: తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలై మళ్లీ ఉగాది దాకా నడుస్తుంది, కాబట్టి ఒక్కో తెలుగు సంవత్సరం రెండు ఇంగ్లీషు సంవత్సరాల్లో పడుతుంది. రుధిరోద్గారి ఆశ్వయుజం 1923లోనే ఉంటుంది, అదే రుధిరోద్గారి మాఘం 1924లోకి పోతుంది. ఆ ఏడాది పుష్యం కూడా జనవరిలోనే మొదలైంది గానీ కొన్నేళ్లలో పుష్యం డిసెంబర్లోనే మొదలవుతుంది, కాబట్టి మార్గశిర, పుష్య మాసాలకి పాత పంచాంగం చూడకుండా రాయొద్దు. అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది కనుక పత్రిక ఏ కాలం నాటిదో ముందే తెలిసి ఉండాలి.

రాసేటప్పుడు రెండూ రాయండి. ఇంగ్లీషు సంవత్సరం అసలు చోట, పత్రిక మీదున్న తెలుగు సంవత్సరం, మాసం సంచిక వివరాల్లో. మీ లెక్క తప్పినా చదివేవాడు దిద్దుకోగలడు. పంతొమ్మిదో శతాబ్దం పుస్తకాల మీద శాలివాహన శకం ఉంటే 78 కలపండి, జనవరి నుంచి ఉగాది లోపు నెలలైతే 79.

నెల్లూరు జిల్లా శాసనాల మీద పని చేస్తున్నా. శాసనం తేదీ రాయాలా, పుస్తకం తేదీ రాయాలా?

శాసనం శకం మీ వాక్యంలో ఉండాలి, రిఫరెన్సులో కాదు. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అచ్చువేయించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాల నుంచి తీసుకుంటే రిఫరెన్సు తేదీ 1905, శాసనం ఏ శకానిదైనా సరే. శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికాతో ఇంకో చిక్కు ఉంది. 21వ సంపుటం 1931–32 అన్నట్టు సంపుటం మీద ఒక కాలం ఉంటుంది, అచ్చయిన సంవత్సరం అదే పేజీలో కిందెక్కడో వేరేగా ఉంటుంది, రెండూ ఒకటి కావు. ఆ పత్రికని అందరూ సంపుటం నంబరుతోనే వెతుకుతారు, కాబట్టి నంబరు తప్పకుండా రాసి దాని పక్కన సంపుటం మీదున్న కాలం ఉంచండి. అచ్చు సంవత్సరం కూడా కావాలనుకుంటే చివర విడిగా చెప్పండి. రెండిటినీ కలిపి ఒక కొత్త తేదీ తయారు చేయకండి.

జమీన్ రైతు పాత ప్రతులు వాడాను. అది జర్నల్ కాదు కదా?

కాదు, వారపత్రిక. కాబట్టి పూర్తి తేదీ కావాలి. ఏపీఏలో బ్రాకెట్లో సంవత్సరం, కామా, నెల, రోజు. వాక్యం మధ్యలో మళ్లీ సంవత్సరం ఒక్కటే. పాత ప్రతి ఎక్కడ చూశారో కూడా రాయండి, ఆ ప్రతులు అన్ని చోట్లా దొరకవు.

వన్నామీ రొయ్య శాస్త్రీయ నామం పక్కన బూన్, 1931 అని ఉంటుంది. అది రిఫరెన్సు జాబితాలో ఎక్కించాలా?

మామూలుగా అక్కర్లేదు. ఆ జాతిని మొదట వర్ణించిన శాస్త్రవేత్త పేరు, ఆ వర్ణన వచ్చిన సంవత్సరం అవి, జంతువు పేరులో భాగంగానే వస్తాయి. టైగర్ రొయ్య పక్కన ఫాబ్రీషియస్, 1798 ఉన్నట్టే. ఆ మూల వర్ణనని మీరు నిజంగా తెచ్చుకుని చదివి, దాని గురించి చర్చించి ఉంటేనే జాబితాలో చేర్చండి.

బ్రాకెట్ల సంగతి కూడా అడుగుతుంటారు. పీనియస్ వన్నామీ అని రాస్తే బూన్, 1931కి బ్రాకెట్ లేదు, లిటోపీనియస్ వన్నామీ అని రాస్తే ఉంటుంది. మొదట పెట్టిన ప్రజాతి నుంచి వేరే ప్రజాతిలోకి మార్చారని ఆ బ్రాకెట్ గుర్తు. ఏపీఏ వాళ్ల బ్రాకెట్‌కీ దీనికీ సంబంధం లేదు, సాఫ్ట్‌వేర్‌లో రిఫరెన్సులతో కలిపేయకండి. జాతుల పేర్ల విషయంలో మాత్రం ప్రచురణ తేదీకి చట్టం లాంటి విలువ ఉంటుంది. ఒకే జీవికి ఇద్దరు పేర్లు పెడితే ముందు అచ్చయినదే నిలుస్తుంది. ఆన్‌లైన్లో మాత్రమే వచ్చిన వర్ణనలు 2012 నుంచే చెల్లుతున్నాయి, జంతువులకైతే జూబ్యాంక్ అనే పేర్ల రిజిస్టర్లో నమోదు కూడా ఉండాలి.

ఆర్కైవ్ అనే సైటులో ప్రీప్రింట్ (జర్నల్లో రాకముందే పెట్టిన కాపీ) చదివాను, తర్వాత జర్నల్లో వచ్చిందట.

జర్నల్లో వచ్చింది తెచ్చుకుని చదివి దాని తేదీ రాయండి, ఎందుకంటే మధ్యలో ఫలితాలు మారి ఉండొచ్చు. జర్నల్లో రాకపోతేనే ప్రీప్రింట్ తేదీ. ఆర్కైవ్‌లో 2007 ఏప్రిల్ నుంచి ఇచ్చే నంబర్లలో మొదటి నాలుగంకెలు సంవత్సరం, నెల చెబుతాయి, 2103తో మొదలైతే అది 2021 మార్చిలో పెట్టిన పేపర్. సవరించిన కాపీ తర్వాత పెట్టినా ఆ నంబరు మారదు, మీరు చదివింది ఎన్నో కాపీయో చూసుకోండి.

థీసిస్‌లు ఉంచే శోధగంగ సైటులో దొరికిన థీసిస్‌కి ఏ తేదీ?

పూర్తయిన లేదా డిగ్రీ ఇచ్చిన సంవత్సరం. అప్‌లోడ్ తేదీ కాదు. 1990ల నాటి థీసిస్ ఇరవై ఏళ్ల తర్వాత స్కాన్ చేసి ఎక్కించిన సందర్భాలు ఉన్నాయి, అప్‌లోడ్ తేదీ వేస్తే పాత పని కొత్తదైపోతుంది. థీసిస్ మొదటి పేజీ తెరిచి చూడండి.

నేను ఎప్పుడు చూశానో, ఆ తేదీ కూడా రాయాలా?

డీఓఐ ఉన్న జర్నల్ పేపర్‌కి ఏపీఏలో అక్కర్లేదు. మారిపోతూ ఉండే వెబ్ పేజీలకే అది కావాలి, ఉదాహరణకి రోజూ మారే రొయ్యల ధరల పేజీ. ఎంఎల్ఏలో మీ ఇష్టం. వాంకూవర్‌లో వెబ్ పేజీలకి చదరపు బ్రాకెట్లో చూసిన తేదీ ఇస్తారు.

తేదీ ఎక్కడా లేదు. ఊహించి రాయొచ్చా?

వద్దు. ఏపీఏలో తేదీ లేదని చెప్పే ‘ఎన్.డి.’ అన్న సంకేతం సంవత్సరం చోట పెట్టండి, ఒకే రచయితవి రెండుంటే దాని తర్వాత చిన్న గీత గీసి ఎ, బి. అయితే జర్నల్ పేపర్‌కి తేదీ లేకపోవడం చాలా అరుదు. తేదీ కనపడలేదంటే మీ దగ్గరున్నది పేపర్ మధ్యలోంచి తీసిన జిరాక్సు పేజీలో, ఎవరో వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ ముక్కో అయి ఉంటుంది. పేపర్ పేరుతో క్రాస్‌రెఫ్‌లో వెతకండి. అక్కడా దొరక్కపోతే జర్నల్ సొంత సైటులో పాత సంచికల జాబితా తెరిచి పేజీ నంబరుతో పట్టుకోండి, కాస్త ఓపిక ఉంటే చాలావరకు దొరుకుతుంది.

మా గైడ్ దగ్గర ఉన్నది ఏపీఏ ఆరో ముద్రణ. తేదీల్లో ఏమైనా తేడా వస్తుందా?

జర్నల్ పేపర్ల సంవత్సరం విషయంలో రాదు, రెండిట్లోనూ బ్రాకెట్లో సంవత్సరమే. ఏడో ముద్రణ 2019లో వచ్చింది, డీఓఐ రాసే తీరు, రచయితల సంఖ్య దగ్గర మార్పులున్నాయి గానీ ఈ పేజీలో తేదీల గురించి ఏపీఏ పేరుతో చెప్పింది ఆయన పుస్తకంతో పెద్దగా గొడవపడదు. థీసిస్ మొదట్లో ఏ ముద్రణ పాటించారో ఒక లైను రాసి పెట్టండి, బయటి ఎగ్జామినర్ అడిగితే చూపించవచ్చు.